బుగ్గమ్మ బేరం నేర్చుకున్న వానకాలం

బుగ్గమ్మకు బేరమాడటం రాదు. ఇబ్రహీంపట్నంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. గాజులవాడు ఆమె వాకిట్లో మూట దించాడంటే ఆ పూటకు ఇంకో ఇంటికి పోనక్కర్లేదు. పెరుగు అమ్ముకుని బతికే మనిషి. ముంత పెరుగుకు ముంత జొన్నలు అని పొద్దునే ఇంట్లో గట్టిగా అనుకుని గంప ఎత్తుకునేది. మొదటి గడప దగ్గరే ఎవరో ఒకామె "ఈపారి జొన్నలు తక్కువున్నయే బుగ్గమ్మా" అనేది. "ఉన్నకాడికే పెట్టు తియ్" అని ఈమె ముంత వంచేసేది. పైగా కొసరు. బుగ్గమ్మ వేసే కొసరు అసలు కంటే ఎక్కువని మా దాదీ, అంటే నాన్నమ్మ, మున్నీ బీ చెప్పేది. అందులో కొంత మా ఇంటికే వచ్చేది కాబట్టి దాదీ మాట నమ్మొచ్చు.

మా దాదా అజీముద్దీన్‌ది పశువుల దలాలీ. బుగ్గమ్మ ఇల్లు, మా ఇల్లు ఒకే గోడకు చెరో పక్క. ఈ కథ నాకు చెప్పింది దాదీ. ఒట్టి మాటలతో చెప్పేది కాదు, లేచి నిలబడి, కొంగు నడుముకు చుట్టుకుని, అందరి గొంతులూ తానే పలుకుతూ చెప్పేది. అదే కథ బుగ్గమ్మను అడిగితే, "ఏమున్నది బిడ్డా, బర్రె పోయింది, బర్రె వచ్చింది" అని ఊరుకునేది. ఇంత పెద్ద కథను అంత పొట్టిగా చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అందుకే నేను రాయాల్సి వచ్చింది.

ఆ బర్రె పేరు మల్లి. కారునలుపు. దానికి మల్లి అని పేరేమిటని బుగ్గమ్మ భర్త యాదయ్యను అడిగితే, "తెల్లగ పాలిస్తది గదా" అనేవాడు. ఆ ఇంట్లో అందరూ అలాంటివాళ్ళే, ఎవరి మీదా గొంతు లేపడం తెలియదు. మల్లి ఒక్కటే కాస్త గట్టిగా అరిచేది.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడు, ఎండాకాలంలో దొర బిడ్డ పెళ్ళి వచ్చింది. దొర పేరు రాయను. రాస్తే గౌరవం ఇచ్చినట్టుంటుంది. పెళ్ళికి వచ్చే చుట్టాలకు పాలు కావాలని దొర కోటలాంటి ఇల్లు గడీ నుంచి మనుషులు ఊరి మీద పడి, పాడి ఉన్న ప్రతి కొట్టంలోంచీ పశువును విప్పుకుపోయారు. వెట్టి రోజుల్లో ఇది మామూలే. మల్లినీ మెడలో పలుపుతో సహా పట్టుకుపోయారు. "పెండ్లి కాంగనే తోలిస్తం" అన్నారు. పెళ్ళయింది. అల్లుడు పిల్లను తీసుకుని వెళ్ళిపోయాడు. మల్లి రాలేదు.

యాదయ్య అడగడానికి వెళ్ళాడు. పొద్దున పోయినవాడు మాపటికి వచ్చాడు.

"అడిగినవా?" అంది బుగ్గమ్మ.

"కట్టెలు కొట్టిన" అన్నాడు యాదయ్య.

ఆయన తప్పేం లేదు. గడీ గడప తొక్కగానే ఆయన గొంతు కడుపులోకి దిగిపోయేది. నోరు తెరిచేలోగా ఎవరో గొడ్డలి చేతిలో పెట్టారు. ఇంకోసారి పోతే బావిలో పూడిక తీయించి పంపారు. యాదయ్య అడగబోయినకొద్దీ గడీ పనులు చక్కబడుతున్నాయి తప్ప మల్లి మాత్రం రావడం లేదు. బర్రె లేకపోతే పెరుగు లేదు, పెరుగు లేకపోతే జొన్నలు లేవు. ఆ ఇంట్లో పొయ్యి ఒక పూట వెలిగితే ఒక పూట వెలగడం లేదు.

అప్పుడు బుగ్గమ్మ మా గోడ పక్కకు వచ్చి నిలబడింది.

"అజీమన్నా, నాకు బేరం నేర్పుతవా? గడీకి నేనే పోత."

మా దాదాకు నవ్వాగలేదు. "గాజులోని ముంగట నిలబడలేవు, దొర ముంగట నిలబడ్తవా చెల్లె?"

"గందుకే నేర్పుమంటున్న. వస్తే నిన్నెందుకు అడుగుత?"

నవ్వు ఆపి ఆమె మొహం చూశాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "రేపు పొద్దుగాల రా" అన్నాడు.

దాదాకు కూడా ఆ రోజుల్లో పని లేదు. అటు నల్లగొండ దిక్కు దొరల మీద తిరగబడ్డ సంఘం, ఇటు హైదరాబాదు పట్నం దిక్కు నిజాం పక్షాన రజాకార్లు. ఆ మధ్యలో అంగడికి పశువులు తోలుకొచ్చే ధైర్యం ఎవరికుంటుంది? అంగడి బందయింది. రోజంతా మాట్లాడి బతికిన మనిషికి నాలుక మాత్రం మిగిలింది. రజాకార్లలో చేరమని వచ్చినవాళ్ళకు కాలు నొప్పి అని చెప్పి కుంటాడు. మళ్ళీ వాళ్ళొచ్చేసరికి ఏ కాలో మరిచిపోయి రెండో కాలు కుంటాడు. పనికిరానివాడని వాళ్ళు తిట్టి పోయారు. ఆ తిట్లు మా ఇంట్లో చాలాకాలం ముచ్చటగా చెప్పుకునేవాళ్ళు.

మర్నాడు మా వాకిట్లో చదువు మొదలైంది. దొర వేషం మా దాదీది. దాదా పెళ్ళినాటి షేర్వానీ, తలకు తువ్వాల పాగా, హుక్కా బదులు పొయ్యి ఊదే గొట్టం. బోర్లించిన గంప మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. బుగ్గమ్మ దడి తలుపు తీసుకుని లోపలికి రావాలి, బర్రెను అడగాలి. వచ్చింది. పాగా కనిపించింది. చూడగానే నడుము దానంతటదే వంగిపోయింది.

"నీ బాంచెన్ దొరా!"

దాదీ గంప మీంచి నవ్వుతూ కిందపడింది. పాగా ఊడి కోళ్ళ మీద పడితే అవి గోల చేస్తూ గోడెక్కాయి. బుగ్గమ్మకూ నవ్వొచ్చింది. దాదా మాత్రం నవ్వలేదు.

"బాంచెన్, నీ బానిసను అన్నంక ఇగ బేరమేడిది చెల్లె? నిన్ను నువ్వే ఇచ్చేసినవ్. బర్రెను అడగతందుకు ఇంక ఎవలున్నరు?"

ఆ ఒక్క మాట నోట్లోంచి ఊడగొట్టడానికి శ్రావణమాసమంతా పట్టింది. బాంచెన్ అన్నప్పుడల్లా దాదీ చెంబుతో నీళ్ళు చల్లేది. మొదట్లో బుగ్గమ్మ తడిచీరతోనే ఇంటికి పోయేది. "వానల తడ్శినవా?" అని యాదయ్య అడిగితే, "లేదు, బేరంల తడ్శిన" అని చెప్పిందట.

తర్వాత చూపు. అంగట్లో ఎద్దును కొనేవాడు ఎద్దు దిక్కు చూడడని దాదా నేర్పాడు. మబ్బు దిక్కు చూస్తాడు, తన చెప్పుల దిక్కు చూస్తాడు, పక్కవాడి మీసం దిక్కు చూస్తాడు. కావలసినదాన్ని కళ్ళారా చూశావంటే ఎదుటివాడు నీ ప్రాణం ఎక్కడుందో కనిపెట్టేస్తాడు. మా మేకను మల్లి అనుకోమని వాకిట్లో కట్టేశారు. బుగ్గమ్మ ఎంత శ్రద్ధగా మబ్బు దిక్కు చూసిందంటే, చూస్తూ చూస్తూ వచ్చి ఆ మేక మీదే పడింది. మేక ఆ రోజంతా ఆమెను దగ్గరికి రానివ్వలేదు.

ఆ తర్వాత మౌనం. "నీ మాట ఒక్కపారి జెప్పు. జెప్పి బస్, నోరు మూస్కో. ముందుగాల ఎవలు మాట్లాడ్తరో గాల్లు ఓడినట్టు" అన్నాడు దాదా. దీన్ని తనతోనే సాధన చేయమన్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. బుగ్గమ్మ "మల్లి నాది" అని ఊరుకుంది. దాదా ఊరుకున్నాడు. కోడి వచ్చి ఇద్దరి మధ్యలోంచి నడిచి పోయింది. వాన మొదలైంది. ఇద్దరూ లేవలేదు. వాన పెద్దదైంది. చూరు నీళ్ళు దాదా మెడ మీద ధారగా పడుతున్నాయి. బుగ్గమ్మ గోడ దిక్కు చూస్తూ ప్రశాంతంగా కూర్చుంది. పుట్టినప్పటి నుంచీ మాట్లాడకుండా ఉండటం ఆమెకు అలవాటే, అదొక విద్య అని తెలియదంతే. ఆఖరికి దాదా, "అరే, జర ఏమన్న అనరాదా! సర్ది పడ్తది!" అని అరిచాడు. తన పనిలో ఆయన ఓడిపోవడం దాదీ అప్పుడే చూసింది. లోపల్నుంచి చప్పట్లు కొట్టింది.

అన్నిటికంటే కష్టమైంది లేచి పోవడం. బేరం కుదరకపోతే లేచి పోవాలి. ఎదుటివాడు పిలుస్తాడు. పిలిచేదాకా వెనక్కి తిరగొద్దు. బుగ్గమ్మ లేచేది, రెండడుగులు వేసి తానే తిరిగొచ్చి, "తప్పయింది వదినె, కోపమొచ్చిందా?" అని దొర వేషంలో ఉన్న దాదీని అడిగేది. నేర్పగా నేర్పగా దడి దాటింది. ఒకరోజు దడి దాటాక దాదీకి పొయ్యి మీద పులుసు మాడుతున్న వాసన వచ్చింది. దొర వేషంలోనే లోపలికి పరుగెత్తి, పిలవడం మరిచిపోయింది. పిలవలేదు కాబట్టి బుగ్గమ్మ నడుస్తూనే ఉంది. మాపటికి యాదయ్య వెతుక్కుంటూ పోతే పెద్దచెరువు కట్ట మీద కూర్చుని ఉంది. "మున్నీ వదినె ఇంక పిలుస్తలేదు" అందట.

ఇలా నేర్చిన విద్యను మనిషి ఊరికే ఉంచుకోదు గదా. యాదయ్య అన్నం పెట్టమని అడిగితే బుగ్గమ్మ మాట్లాడకుండా గోడ దిక్కు చూసింది. అతను కాసేపు ఆగి, భయపడి, దూలం సందులో దాచుకున్న పొగాకు సంగతి తానే చెప్పేశాడు. గాజులవాడు వస్తే గాజుల దిక్కు చూడకుండా అతని చెప్పుల దిక్కు చూసింది. చెప్పులకేమైందోనని అతను విప్పి చూసుకున్నాడు. వీధిలో ఆడవాళ్ళు గోడలెక్కి చూసి పడి పడి నవ్వేవాళ్ళు. పొయ్యి వెలగని ఇంట్లోంచి ఆ వానకాలం ఊరికి అంత నవ్వు దొరికింది.

కానీ దాదా ఆమెను గడీకి పోనివ్వలేదు. "ఎదుటోని కడుపుల ఏమున్నదో తెల్వకుంట బేరానికి పోవద్దు. దొరకు ఏం గావాలె? గది తెలిసిన్నాడు పో." దొరకు ఏం కావాలో బుగ్గమ్మకు ఎంత ఆలోచించినా తట్టలేదు. అన్నీ ఉన్నవాడికి ఇంకేం కావాలి?

భాద్రపదంలో పట్నం దిక్కు విమానాలు తిరిగాయి. యూనియన్ మిలిటరీ వచ్చింది. చూస్తుండగానే నిజాం ఫౌజు చేతులెత్తేసింది. మొన్న ఎండాకాలంలో రజాకార్లకు గడీలో దావత్ ఇచ్చిన దొర, వారం తిరక్కుండా తెల్లటి ఖద్దరు టోపీ పెట్టుకుని, గడీ మీద మూడు రంగుల జెండా ఎగరేశాడు. ఆ టోపీ అంత తొందరగా ఎక్కడ కుట్టించాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఊరంతా సంబరంలో ఉంటే మా ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నారు. రజాకార్లు చేసినవాటికి వాళ్ళలో చేరని తురకల ఇళ్ళ మీద కూడా పడుతున్నారని వార్తలొస్తున్నాయి. కుంటి కాలు కథ ఎవరు వింటారు? ఆ మధ్యాహ్నం గోడ అవతలి నుంచి బుగ్గమ్మ గొంతు వినబడింది.

"వదినె, బట్టలు మూటగట్టు. అన్నను తీస్కొని మా కొట్టంలకు రా."

మల్లి లేని కొట్టం ఖాళీగా ఉంది. యాదయ్య జొన్నచొప్ప కట్టలు అడ్డంగా పేర్చి వెనక చాటు చేశాడు. దాదీని ఇంట్లో ఉంచుకుని, అడిగిన బయటివాళ్ళకు తన అక్క అని చెప్పింది బుగ్గమ్మ. దాదాను చొప్ప వెనక కూర్చోబెట్టారు.

"గిది మల్లి జాగ గదా" అన్నాడు దాదా.

"మల్లి వచ్చేదాక నువ్వుండు."

"మల్లికి పెట్టిన తీర్గనే నాకు గూడ కుడితి పెడ్తవా?"

భయంతో ఆయన పళ్ళు టకటకమంటున్నాయి, అయినా నోరు ఊరుకోలేదు. చొప్ప వెనక నుంచే పాఠాలు సాగించాడు. దారిన ఎవరైనా పోతే మాట మధ్యలో ఆపి, వాళ్ళు పోగానే ఆపినచోటి నుంచి ఎత్తుకునేవాడు.

ఒకరోజు డప్పు వేశారు. పెద్ద మిలిటరీ సాబు జీపులో గడీకి వస్తున్నాడు, ఊరి కష్టసుఖాలు అడుగుతాడు, అందరూ రావాలి. బుగ్గమ్మ డప్పు విని కొట్టంలోకి వచ్చింది.

"అజీమన్నా, దొర కడుపుల ఏమున్నదో తెలిసింది."

"ఏమున్నది?"

"భయం."

"అయితే పో, చెల్లె. సాబు రాకముందే పో" అన్నాడు దాదా.

పోయింది. యాదయ్య వెనక వెళ్ళి గడీ దర్వాజా దగ్గర నిలబడ్డాడు. లోపల జరిగినదంతా మనకు తెలిసింది ఆయన వల్లే.

దొర వసారాలో పచార్లు చేస్తున్నాడు. ఎప్పుడూ "ఏమే బుగ్గీ" అనేవాడు ఆ రోజు "ఏం బుగ్గమ్మా, మంచిగున్నవా?" అన్నాడు. జన్మలో మొదటిసారి ఆమె పేరు పూర్తిగా పలికాడు. బుగ్గమ్మ నడుము వంగబోయింది. వంగలేదు.

"మల్లి నాది. తోలుకపోత" అంది. నోరు మూసుకుని స్తంభం దిక్కు చూసింది.

ఆమె గొంతు విని వసారాకు ఎదురుగా ఉన్న గడీ కొట్టంలోంచి మల్లి అరిచింది. ఎన్నాళ్ళకో విన్న గొంతు, గట్టిగా, ఆగకుండా అరిచింది. బుగ్గమ్మ స్తంభం దిక్కే చూస్తోంది గానీ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. స్తంభాన్ని చూసి ఏడ్చే మనిషిని దొర అంతకు ముందెప్పుడూ చూసి ఉండడు.

"పెండ్లి పనులల్ల మర్శిపోయినం. మంచిగ మేపినం" అన్నాడు. ఆమె మాట్లాడలేదు. "మొన్న ఈనింది. పెయ్యదూడ" అన్నాడు. మాట్లాడలేదు. "సరే, దూడను గూడ తోలుకపో" అన్నాడు.

అప్పుడు దొర దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు, అయినా దర్వాజా దాకా వినబడింది. "ఒక్క మాట. కొట్టం నిండ గీ పశువులన్ని ఎవలివని సాబు అడుగుతడు. అజీముద్దీన్ దలాలి ఊరి మీద గుంజుకొచ్చి నాకు అమ్మిండని జెప్పు. నేను కొన్న, అంతే. వాడు తురకోడు, ఏడనో దాసుకున్నడు. ఏడున్నడో తెలిస్తే గది గూడ జెప్పు. నీదేం బోతది? ఇగ నీ ఇంటికి వెట్టి గూడ లేదు, పో."

ఆ రోజుల్లో సిపాయి ముందు ఒక తురకవాడి పేరు పలికితే రెండోసారి అడిగేవాళ్ళు కాదు. తీసుకుపోయేవాళ్ళు. తీసుకుపోయినవాళ్ళలో తిరిగిరానివాళ్ళు చాలామంది. ఇది బుగ్గమ్మకు తెలుసు, దొరకు ఇంకా బాగా తెలుసు.

బుగ్గమ్మ అప్పుడు స్తంభాన్ని వదిలి మల్లి దిక్కు తిరిగి కళ్ళారా చూసింది. బొక్కలు తేలి ఉంది. పక్కన దూడ కాళ్ళు నిలదొక్కుకోలేక తల్లికి ఆనుకుని నిలబడింది. ఆ చూపులో ఆమెకు ఎంత ఆశ పుట్టిందో యాదయ్య చెప్పలేకపోయాడు, తనకూ అంతే పుట్టింది గనక. తర్వాత ఆమె వెనక్కి తిరిగి దర్వాజా దిక్కు నడిచింది.

"బుగ్గమ్మా, ఆగు! ఏడాదికి మేత ఇస్త!"

నడుస్తోంది.

"ఇంకో ఆవు గూడ ఇస్త! ఏయ్, ఆగుమంటున్న గదా!"

మా వాకిట్లో నేర్చిన నడక కాదిది. ఆ నడకలో చెవి వెనకనే ఉండేది, పిలుస్తారేమోనని. ఇప్పుడు నిజంగానే పోతోంది. మల్లిని అక్కడే వదిలేసి ఇంటికి పోతోంది.

దర్వాజా దగ్గర జీపు ఎదురొచ్చింది. సాబు దిగాడు, పెద్ద మీసాలు, వెంట తెలుగు తెలిసిన సిపాయి. దొర దండ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అడగకముందే మొదలుపెట్టాడు. ఈ పశువులన్నీ ఫలానా దలాలి దగ్గర కొన్నాను, వాడు ఎక్కడ దొంగిలించాడో నాకు తెలియదు, కావాలంటే ఈమెను అడగండి. సాబు బుగ్గమ్మ దిక్కు చూశాడు. నీకేం తెలుసని సిపాయి అడిగాడు.

దాదా నేర్పిన పాఠాల్లో ఒక్కటీ ఆమెకు ఆ క్షణాన గుర్తు రాలేదు. కొట్టంలోంచి మల్లి అరుస్తోంది.

"సాబూ, కొనుక్కొచ్చిన బర్రె మెడల అమ్మినోల్ల పలుపు ఉంటదా?" అంది.

మా దిక్కున పశువును అమ్మితే పలుపు ఇవ్వరు. అమ్మినవాడు తన పలుపు విప్పుకుని ఇంటికి పట్టుకుపోతాడు, కొన్నవాడు కొత్త పలుపు తెచ్చి కట్టుకుంటాడు. పలుపు పోతే కొట్టం లక్ష్మి పోతుందని నమ్మకం. అంగట్లో ఆడుకునే పిల్లలకు కూడా ఇది తెలుసు. పాత పలుపుతో ఒక్క పశువు అంగడి దాటినా మా దాదా ఆ పూట అన్నం తినేవాడు కాదు. ఇది దొరకు ఎందుకు తెలియలేదంటే, ఆయన జన్మలో ఒక్క పశువునూ కొనలేదు. అన్నీ ఊరికే వచ్చాయి, పలుపులతో సహా.

"నా మల్లి మెడల నా పలుపే ఉన్నది. నా పాతచీర కొంగు చింపి, నారల కలిపి నేనే పేనిన. పోయి చూడుండ్రి" అంది బుగ్గమ్మ.

సిపాయి ఆ మాటను సాబు భాషలోకి మార్చాడు. సాబు తొడ మీద చరుచుకుని నవ్వాడు. ఆయనదీ ఎక్కడో పంజాబు దిక్కు రైతుల ఇల్లేనట. "మా ఊళ్ళోనూ ఇంతే!" అని చరచరా కొట్టంలోకి పోయాడు. ఒక మెడలో మేకవెంట్రుకల పలుపు, ఒకదానికి గోనెనార, ఒకదానికి ఎర్రగుడ్డ చుట్టింది, ఇంకోదానికి దిష్టికి కట్టిన గవ్వలు. పలుపు చూసినప్పుడల్లా సాబు నవ్వు పెరిగింది. దర్వాజా బయట నిలబడ్డ ఊరిని లోపలికి రమ్మని, ఎవరి పలుపు వాళ్ళు పట్టుకోమన్నాడు.

ఇక అప్పుడు చూడాలి! ఆవులు, బర్రెలు, మేకలు, మనుషులు ఒక్కసారిగా దర్వాజాలో ఇరుక్కున్నారు. తొందరలో ఒకరి మేకను ఒకరు లాక్కుపోయి వీధి మధ్యలో మార్చుకున్నారు. ఒక ముసలామె ఆవు మెడ పట్టుకుని అక్కడే పాట ఎత్తుకుంది. ఇంత గోలలో దొర టోపీ కింద పడితే ఒక పెయ్య దాన్ని నమిలింది. దాన్ని ఆపడానికి ఎవరూ తొందరపడలేదు.

సాబు దొరను ఏం చేశాడని అడగకండి. చాయ్ తాగి వెళ్ళిపోయాడు. దొర ఇంకో టోపీ కుట్టించుకుని చాలా ఏళ్ళు చల్లగా బతికాడు. ఇది తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది గానీ జరిగింది అదే. బుగ్గమ్మను మాత్రం ఆ తర్వాత ఊళ్ళో పెళ్ళి మాటలకూ, అన్నదమ్ముల వాటాలకూ పిలుచుకుపోయేవాళ్ళు. ఆమె ఒక్క మాట చెప్పి గోడ దిక్కు చూస్తూ కూర్చునేది, ఎదుటివాళ్ళు కిందా మీదా అయ్యి దారికొచ్చేవాళ్ళు. పెరుగు దగ్గర మాత్రం చచ్చేదాకా మారలేదు. కానీ నేను చెప్పాల్సింది ఆ సాయంత్రం సంగతి.

మల్లిని, దూడను తోలుకుని ఇద్దరూ ఇంటికొచ్చారు. మల్లి ఎవరూ చెప్పకుండానే కొట్టంలోకి దూరి తన జాగాలో నిలబడింది. ఎదురుగా చొప్ప. ఎన్నాళ్ళ ఆకలో ఏమో, కట్టలు కిందికి లాగి తినడం మొదలుపెట్టింది. వెనక నుంచి "అరే, ఎవలు? ఎవలది?" అని దాదా గొంతు. ఇంకో కట్ట పోయింది, పాగా కనిపించింది. ఇంకోటి పోయింది, ముక్కు కనిపించింది. బర్రె, మా దాదా ఎదురెదురుగా ఒకరినొకరు చూసుకున్నారు. అది చూసి అందరూ పగలబడి నవ్వారు. అన్ని రోజుల భయం ఆ నవ్వుతోనే పోయిందని దాదీ చెప్పేది.

నవ్వులు తగ్గాక యాదయ్య గడీలో జరిగింది చెప్పాడు. గడీలో లేవని గొంతు ఇంట్లో బాగా లేచింది. దొర ఏం అడిగాడో, ఏమేం ఇస్తానన్నాడో అంతా చెప్పాడు. దాదా మొహం తెల్లబోయింది. అయినా దలాలి గదా, మాటను నవ్వులోకి తిప్పబోయాడు.

"బర్రె, దూడ, ఏడాది మేత, ఇంకో ఆవు, మీదికెల్లి వెట్టి మాఫీ! నాకు గింత ధర పలుకుతదని నాకే తెల్వదు. ఇంక జరసేపు నిలబడి ఉంటే గడీ సగం రాసిస్తుండె. నేను నేర్పిన బేరం గిదేనా చెల్లె?"

బుగ్గమ్మ మల్లి మెడ నిమురుతోంది. నవ్వలేదు. దాదా దిక్కు తిరిగి కూడా చూడలేదు.

"నువ్వు బేరంల లేవు, అన్నా" అంది.

మా దాదా కళ్ళు నిండిపోయాయి. ఆడవాళ్ళ ముందు ఏడిస్తే బాగుండదని చొప్ప చాటుకు పోబోయాడు. చాటు ఎక్కడుంది, మల్లి ఎప్పుడో లాగేసి నములుతోంది. ఇక చేసేది లేక అందరి ముందే ఏడ్చాడు.